గైడు మాటలో ఒక ‘ట’

సంక్రాంతికి బెంగళూరు నుంచి మా అన్నయ్యా వాళ్ళూ వచ్చారు. పండక్కి రెండు రోజుల ముందు, రద్దీ పెరగకుండానే సింహాచలం వెళ్ళొద్దామని బయల్దేరాం. అడివివరం దగ్గర ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా నేను, గుడి చూపించడానికి ఒక పెద్దాయనతో మాట్లాడాను, పైన మనకోసం ఉంటారు అన్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు వెంటనే అడిగాడు. “గైడ్ ఎందుకత్తా? ఫోన్లో ఆడియో పెట్టుకుంటే సరిపోతుంది కదా. బోర్ కొడితే స్కిప్ చేసేయొచ్చు కూడా.” అన్నయ్య వాడికి వత్తాసు. గైడ్లు డబ్బుల కోసం నోటికొచ్చిన కథలు అల్లుతారనీ, రికార్డు చేసినదైతే ఎవరో చదువుకున్నవాళ్ళు సరిచూసి ఉంటారనీ, పైగా మన వెనక నిలబడి తొందరపెట్టేవాళ్ళు ఉండరనీ చెప్పుకొచ్చాడు.

కాదనాలని నాకు బలంగా అనిపించింది. ఎందుకు కాదో మాత్రం ఆ కారులో చెప్పలేకపోయాను. “మనిషి చెప్తే వేరు” అన్నాను. అది జవాబు కాదు. వాళ్ళు తిరిగి వెళ్ళిపోయి మూడు వారాలైంది. అప్పట్నుంచీ ఈ విషయమే బుర్రలో తిరుగుతోంది. అందుకే ఇక్కడ విడమర్చి రాసుకుంటున్నాను.

ముందు ఆ రోజు జరిగింది చెప్పాలి. ఫోన్లన్నీ కౌంటర్లో ఇచ్చేసి లోపలికి వెళ్ళాం కాబట్టి మావాడి ఆడియో అక్కడితో ఆగిపోయింది. పెద్దాయన మాకు ముందు పరిచయం లేదు. మా ఆఫీసులో ఒకావిడకి బంధువు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తెలిసినవాళ్ళు అడిగితే వచ్చి గుడి చూపిస్తారు. చదువుకున్నాయనే, కానీ మాటలో మా ఉత్తరాంధ్ర యాస ఎక్కడా దాచుకోరు. ఒక స్తంభం దగ్గర ఆపి, చెక్కిన అక్షరాలకి తగలకుండా వేలు కాస్త దూరంగా పెట్టి చూపిస్తూ, “కృష్ణదేవరాయలు వచ్చాడు. 1516లో. వచ్చినట్టు రాయించి ఎల్లాడు” అన్నారు. ఇప్పుడున్న గుడి కట్టించిన తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడి గురించి చెప్తూ, “కోణార్కలో సూర్యుడి గుడి కట్టించినోడూ ఈయనే. అందుకే ఇక్కడ గుర్రాలతో రాతి రథం చూస్తే మీకు అది గుర్తొస్తాది” అన్నారు. ఇంతవరకూ అన్నీ ‘వచ్చాడు’, ‘కట్టించాడు’, ‘రాయించాడు’.

కప్పస్తంభం దగ్గరికి రాగానే ఆయన మాట మారింది. “దీని కింద సంతాన గోపాల యంత్రం ఉందట. పిల్లల్లేనోళ్ళు కావలించుకుంటే పిల్లలు పుడతారట.” తురకలు గుడి మీదికి వచ్చినప్పుడు తుమ్మెదల దండు లేచి వాళ్ళని తరిమిన కథ కూడా అలాగే చెప్పారు. తరిమాయట, వాళ్ళు పారిపోయారట, అవి వెళ్ళి ఆగిన చోటే తుమ్మెదల మెట్ట అయ్యిందట. మావాడు ఊరుకోలేదు. “తాతగారూ, నిజంగా స్తంభం కింద యంత్రం ఉందా?” అని అడిగేశాడు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “నేను తవ్వి చూళ్ళేదు బాబూ. మా నాన్న చెప్పీవోరు. ఆయనా చూళ్ళేదు” అన్నారు.

ఇంటికొచ్చాక రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే, నేను కారులో చెప్పలేకపోయిన జవాబు ఆ ‘ట’లో ఉందనిపించింది.

ఒక్క అక్షరం చేసే పని

మన భాషలో ఈ ‘ట’ ఎంత గొప్పదో మనకి తెలీదు, పొద్దస్తమానం వాడేస్తాం కాబట్టి. “వర్షం వస్తుంది” అంటే నాది పూచీ. “వర్షం వస్తుందట” అంటే ఎవరో చెప్పారు, నేను మీకు చేరవేస్తున్నాను, తప్పయితే నన్ను అనకండి. గుళ్ళో కథ చెప్పేవాడికి ఇంతకంటే కావలసిన పనిముట్టు ఇంకొకటి లేదు. ఒక గుడికి రెండు రకాల గతం ఉంటుంది. రాతి మీద తేదీతో సహా చెక్కి ఉన్నది ఒకటి, తరాలుగా నోటి నుంచి నోటికి వచ్చినది ఇంకొకటి. రెండోదాన్ని అబద్ధం అనకూడదు, మొదటిదానితో కలిపేయనూ కూడదు. ఆ ‘ట’ రెంటినీ పక్కపక్కనే ఉంచుతుంది, ఒకదాన్ని తోసి ఒకటి పడిపోకుండా. ఆ పెద్దాయన ఏ శిక్షణా తీసుకోకుండానే ఆ పని చేశారు.

ఇప్పుడు రికార్డు చేసిన గొంతు సంగతి. రెండేళ్ళ కింద వేరే రాష్ట్రంలో ఒక పాత గుడికి వెళ్ళినప్పుడు తెలుగు ఆడియో ఉందంటే ఎంతో సంబరంగా తీసుకున్నాను. “ఇప్పుడు మీరు మీ ఎడమ పక్కన ఉన్న స్తంభాన్ని చూడగలరు. ఈ స్తంభం దైవిక శక్తిని కలిగి ఉన్నది.” అంతా ఇదే వరస. రాజు పేరు, సంవత్సరం, పొడవు, వెడల్పు, దేవుడు రాత్రిపూట వచ్చి తానే గోపురం కట్టిన సంగతి, అన్నీ ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో. ‘కలిగి ఉన్నది’ అంటే ఎవరు చెప్పారు? చూశారా, కొలిచారా, విన్నారా? రాసినవాళ్ళకి చెడు ఉద్దేశమేమీ లేదు. ఏ ఇంగ్లీషులోంచో హిందీలోంచో తెలుగు చేసినట్టుంది, అందులో ‘ట’ జారిపోయింది. అమ్మ నా పక్కన అది వింటూ నిజంగానే అడిగింది, “ఏ భాషమ్మా ఇది?” అని. పదాలన్నీ తెలుగువే, ఆవిడకి ఒక్కటీ తనది అనిపించలేదు.

బాగా రాసిన స్క్రిప్టులో ఈ తేడా చూపించొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చూపించొచ్చు. నా అభ్యంతరం స్క్రిప్టుతో అయిపోదు. మావాడు ఆ రోజు అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. ఒంటి నిండా గంధం పూస్తే స్వామికి ఊపిరాడదా? చందనం ఎవరు అరగదీస్తారు? అక్షయ తృతీయ నాడు ఒలిచిన చందనం ఏం చేస్తారు, పారేస్తారా? ఆయన ఓపిగ్గా చెప్పారు. ముందుగా రోజుల తరబడి అరగదీత జరుగుతుందనీ, మళ్ళీ పూత పెట్టడం ఒక్కసారి కాకుండా నాలుగు విడతల్లో చేస్తారనీ, ఒలిచినది భక్తులకే ప్రసాదంగా ఇస్తారనీ. ఊపిరి ప్రశ్నకి మాత్రం కాసేపు ఆలోచించి, “అది నాకెవరూ చెప్పలేదు నాన్నా” అన్నారు. పదమూడేళ్ళ పిల్లాడికి ఒక పెద్దమనిషి నోట ‘నాకు తెలీదు’ వినిపించడం ఎంత విలువైనదో బళ్ళో పిల్లలున్న ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు. ఆడియో ఎన్నడూ ఆ మాట అనదు. తెలియనిదాన్ని అసలు రికార్డే చేయరు కాబట్టి, వినేవాడికి అక్కడ తెలియనిదంటూ ఏదీ లేదనిపిస్తుంది.

మ్యూజియంలో పుట్టిన వస్తువు

ఆడియో గైడు కొత్తదేం కాదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టెడలిక్ మ్యూజియంవాళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళకి రేడియో పెట్టెలిచ్చి, వాటిలోంచి వివరణ వినిపించారు. అది పుట్టిన చోటు చూడండి. గోడకి బొమ్మ, ఎదురుగా మనిషి, నిశ్శబ్దం. బొమ్మ కదలదు. మనిషికి నచ్చినంతసేపు నిలబడొచ్చు.

మన గుడి అలా ఉండదు. క్యూ కదులుతుంది. మీ చెవిలో గొంతు అంతరాలయం గోడ మీది శిల్పం గురించి మొదలుపెట్టేలోపు వెనకనుంచి తోసుకొచ్చి మీరు బయటి మండపంలో ఉంటారు. గంట కొడతారు, తెర వేస్తారు, నైవేద్యం వేళ అంటారు, ఎవరో గోవిందా అంటారు, పిల్లెవరో ఏడుస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి ఇవన్నీ అడ్డంకులు అనుకుంటాడు. గుడంటేనే అది. చెవులు మూసుకుని గుడి చూడ్డం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. తిరుమల లాంటి చోట ఫోనే లోపలికి పోదు కాబట్టి అక్కడ ఈ చర్చే అక్కర్లేదు. తమిళనాడులో కూడా 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు గుళ్ళలో మొబైళ్ళు నిషేధించమంది. ఫోను మీద ఆధారపడిన ఏ ఏర్పాటైనా మన దేవాలయాల్లో గుమ్మం దగ్గరే ఆగిపోయే రోజులివి.

అలాగని గుళ్ళో గొంతెత్తి చెప్పే గైడు బాగున్నాడనడం లేదు. ముప్ఫై మందిని పోగేసి మండపం మధ్యలో నిలబెట్టి అరుస్తుంటే, పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్న ఆవిడ ఏమవ్వాలి? ఆవిడ మనలాగా చూడ్డానికి రాలేదు, తన బాధేదో చెప్పుకోడానికి వచ్చింది. మనం తన ఇంట్లోకి వెళ్ళి ఆవిడ మాట్లాడుతుండగా అడ్డంపడినట్టే. వాటికన్‌లో సిస్టీన్ చాపెల్ లోపల గైడ్లు వివరణలు ఇవ్వకూడదు. బయట ఆవరణలోనే బొమ్మల పలకలు చూపించి చెప్పాల్సిందంతా చెప్పేసి, లోపలికి మౌనంగా పంపిస్తారు. ఇది మనకి పరాయి పద్ధతేం కాదు. మా పెద్దాయన సగం సంగతులు మెట్ల పక్కన కూర్చోబెట్టి ముందే చెప్పారు. మిగతా సగం దర్శనం అయ్యాక, పులిహోర తింటుంటే చెప్పారు. లోపల ఒకటి రెండు చోట్ల మాత్రం, వంగి, మాకే వినపడేట్టు మాట్లాడారు.

బొజ్జన్నకొండ దగ్గర నా వాదన తడబడింది

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు ఇంట్లోనే ఉండి, ముక్కనుమ రోజు అనకాపల్లి పక్కన శంకరం వెళ్ళాం. సంఘారామం కాస్తా శంకరం అయిన ఊరు. అక్కడ రెండు గుట్టలు, ఒకటి బొజ్జన్నకొండ, ఒకటి లింగాలకొండ. 1906లో అలెగ్జాండర్ రే తవ్వించేదాకా అక్కడ ఇంత పెద్ద బౌద్ధ క్షేత్రం ఉందని లోకానికి తెలీదు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికిన చోటు. లింగాలకొండ మీద రాతిలోనే వరసలు వరసలుగా తొలిచిన చిన్న చిన్న స్తూపాలు ఉన్నాయి. దూరం నుంచి చూసిన ఊరివాళ్ళకి అవి లింగాల్లా కనిపించాయి, పేరు అలా స్థిరపడిపోయింది. బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయ్యింది.

కింద ఒక చెట్టు నీడన కూర్చున్న ఒకాయనతో అన్నయ్య మాట కలిపాడు. తమ చిన్నప్పుడు కనుమ నాడు ఊళ్ళవాళ్ళందరూ ఇక్కడికొచ్చి, బొజ్జలా ఉన్న ఆ కట్టడం మీద రాళ్ళు రువ్వేవారని ఆయన చెప్పాడు. “రాక్షసుడనీవోరు. నేనూ ఇసిరాను.” అది ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఆచారమే. పాత కట్టడాలని కాపాడే ఇంటాక్ సంస్థ లాంటివాళ్ళు పూనుకుని మాన్పించేదాకా సాగింది.

తిరిగొస్తూ అన్నయ్య అన్నమాట నాకు గట్టిగానే తగిలింది. “చూశావా, నీ ‘మనిషి చెప్తే వేరు’? మనుషులు చెప్పుకున్న కథే కదా అంత పాత కట్టడం మీద రాళ్ళేయించింది. అక్కడ ఒక స్పీకరు పెట్టి ఇది బౌద్ధుల స్తూపం నాయనా అని రోజుకి నాలుగుసార్లు చెప్పి ఉంటే ఏమయ్యేది?”

దీనికి తేలిగ్గా జవాబు చెప్పేయడం నాకిష్టం లేదు. వాడన్నదాంట్లో నిజం ఉంది. రాక్షసుడు అన్నవాళ్ళు ‘రాక్షసుడట’ అనలేదు, ‘రాక్షసుడు’ అన్నారు. ‘ట’ లేని నోటిమాట, ‘ట’ లేని రికార్డు కంటే ఎక్కువ చేటు చేసింది, ఎందుకంటే రికార్డుని ఎవరూ నమ్మి రాయి తీసుకోరు, తాతని నమ్మి తీసుకుంటారు. నాకు ఇలాంటి గైడు కూడా ఎదురయ్యాడు. ఒక పెద్ద గుళ్ళో, పేరెందుకులెండి, ఒకాయన మా వెంటపడి చూపించాడు. విగ్రహానికి చెమట పడుతుందన్నాడు, ఫలానా స్తంభం గాల్లో ఉందన్నాడు, శాస్త్రవేత్తలొచ్చి చేతులెత్తేశారన్నాడు. ఏ శాస్త్రవేత్తలు, ఎప్పుడు అంటే “అమెరికావాళ్ళమ్మా” అన్నాడు. చివర్లో ఒక హుండీ ముందు నిలబెట్టి, ఇక్కడ వెయ్యి వేస్తే పిల్లల చదువు బాగుంటుందని అమ్మ ముఖం వైపు చూశాడు. అమ్మ భయపడి వేసింది. ఆ వెయ్యి కంటే, ఆవిడ భయపడటం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. రికార్డు చేసిన గొంతు ఏది చెప్పినా, మా అమ్మని అలా బెదిరించదు.

అంచేత మనిషైతే చాలు, అన్నీ సర్దుకుంటాయి అని నేను అనలేను. అయితే ఆ కొండ మీద రాళ్ళు రువ్వడం ఎలా ఆగిందో కూడా చూడాలి. స్పీకర్లు ఆపలేదు. కొందరు మనుషులు వచ్చి, ఊళ్ళోవాళ్ళతో కూర్చుని మాట్లాడితే ఆగింది. నమ్మకం మీద నిలబడ్డ తప్పుడు మాట, ఇంకో నమ్మకమైన మాటతోనే పోతుంది. ఆ చెట్టు కింద కూర్చున్నాయనని తీసుకోండి. “మేం రాక్షసుడనుకునీవోళ్ళం, తర్వాత తెలిసింది బుద్ధుడి చోటని” అని చెప్పే మనిషి కంటే మంచి గైడు ఆ కొండకి ఎవరు? ఆ వాక్యాన్ని ఏ స్టూడియోలో రికార్డు చేసినా ఆయన ముఖంలో ఉన్నది రాదు. విసిరిన చెయ్యి ఆయనదే కదా.

తొట్లకొండ మీద ఎవరూ లేరు

వాళ్ళు వెళ్ళిపోయే ముందురోజు మధ్యాహ్నం భీమిలి రోడ్డులో, పాత బౌద్ధ విహారం ఉన్న తొట్లకొండకి వెళ్ళాం. ఇక్కడ మాత్రం నేను ఓడిపోయాను, ఒప్పుకోవాలి.

పైన గాలి, కింద సముద్రం, నాలుగైదు జంటలు, ఒక కాపలా మనిషి. అడగడానికి ఎవరూ లేరు. నేవీవాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడ్డ చోటు ఇది. 1988 నుంచి కొన్నేళ్ళపాటు తవ్వారు. నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. రోమన్ల వెండి నాణేలు ఇక్కడ దొరికాయంటే, ఎదురుగా కనిపిస్తున్న సముద్రం మీద ఎవరెవరు వచ్చి వెళ్ళారో ఊహించుకోవచ్చు. ఇదంతా నాకు తెలుసు కాబట్టి తెలుసు. అక్కడున్న బోర్డు చదివితే ఇటుకల గుట్ట ఇటుకల గుట్టలాగే మిగులుతుంది.

అమ్మకి మోకాళ్ళు. సింహాచలంలో పెద్దాయన ఎంత ఓపిగ్గా ఉన్నా, ఆవిడ మాకంటే వెనకబడి, చేరేసరికి సగం మాట అయిపోయేది. మళ్ళీ చెప్పమనడం మొహమాటం. అందరూ వింటుంటే ఒకర్ని ఆపడం ఆవిడకి చేతకాదు. ఆ జనరేషన్ ఆడవాళ్ళు చాలామంది అంతే, గుంపులో ఎప్పుడూ చివర నిలబడి, వినపడినంత విని, వినపడనిది వదిలేసుకుంటారు. తొట్లకొండ మీద ఆవిడ ఒక రాతి మీద కూలబడింది. మావాడు వెళ్ళి పక్కన కూర్చుని, ఫోన్లో ఆ చోటు గురించి ఎవరో తెలుగులో మాట్లాడిన ఒక వీడియో వెతికి, ఒక ఇయర్‌బడ్ తను పెట్టుకుని ఒకటి నానమ్మ చెవిలో పెట్టాడు. ఆవిడ మధ్యలో రెండుసార్లు “వెనక్కి పెట్టరా” అంది. భిక్షువులు వానాకాలంలో మూడు నెలలు తిరక్కుండా ఒకే చోట ఉండిపోయేవారన్న దగ్గర ఒకసారి, చిన్న చిన్న గదుల దగ్గర ఒకసారి. ఆ తర్వాత లేచి, కర్ర పట్టుకుని, ఆ గదుల పునాదుల దాకా తనంతట తనే నడిచి వెళ్ళి, ఒకదాంట్లో నిలబడి, చేతులు చాచి వెడల్పు చూసుకుంది.

నేను చూస్తూ నిలబడ్డాను. ఏ గైడునీ ఆవిడ ‘వెనక్కి పెట్టు’ అని అడిగి ఉండేది కాదు. వినికిడి తగ్గినవాళ్ళకీ, నెమ్మదిగా నడిచేవాళ్ళకీ, నలుగురిలో నోరెత్తలేనివాళ్ళకీ ఆడియో ఇచ్చే మర్యాద మనిషి ఇవ్వలేకపోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. గుంపు గైడుతో నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇదే. గుంపులో గట్టిగా అడగ్గలిగినవాళ్ళ ప్రశ్నలే ప్రశ్నలు.

అప్పట్నుంచీ నా అభిప్రాయం కొంచెం సర్దుకుంది. పూజ ఆగిపోయిన చోటు, ఊరు లేని చోటు, అడగడానికి మనిషే లేని కొండ, వీటికి రికార్డు చేసిన గొంతు కావాలి, తొట్లకొండకీ, దగ్గర్లోనే ఇలాంటి బౌద్ధ క్షేత్రాలైన బావికొండకీ పావురాలకొండకీ ముందు కావాలి. విచిత్రమేమిటంటే మనం దీన్ని తిరగేసి చేస్తాం. యాప్ అన్నా, క్యూఆర్ కోడ్ అన్నా, ముందు జనం పోటెత్తే పెద్ద గుళ్ళే గుర్తొస్తాయి. అక్కడ చెప్పడానికి అర్చకులున్నారు, పూలమ్మే ఆవిడుంది, తరతరాలుగా సేవ చేస్తున్న కుటుంబాలున్నాయి. నోరున్న చోట యంత్రం పెడతాం, నోరు లేని చోట ఒక తుప్పుపట్టిన బోర్డు పెట్టి వదిలేస్తాం.

ఇక్కడ కూడా ఒక చిక్కుంది. 2019 వానలకి తొట్లకొండ మహాస్తూపం కొంత కూలిపోయింది, తర్వాత మళ్ళీ పేర్చారు. అంతకుముందు రికార్డు చేసిన ఏ మాటకీ ఈ సంగతి తెలీదు. చూసేవాడు మొత్తం పాతదే అనుకుంటాడు. రికార్డు చేసి ఊరుకుంటే చాలదు, దాన్ని చూసుకునే మనిషి ఒకరుండాలి. తిరిగి తిరిగి మనిషి దగ్గరికే వచ్చాను, చూశారా.

మూడు కొండలు, ఒక నోరు

వైజాగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు హార్బరు పక్కన ఆ మూడు కొండలు. రాస్ హిల్ మీద చర్చి, పక్కన ఇషాక్ మదీనా దర్గా, ఆ పక్కన వెంకటేశ్వరస్వామి గుడి. మూడింటికీ మూడు ఆడియోలు చేయొచ్చు. ఒకదాంట్లో రాస్ దొర 1864లో కొండ మీద ఇల్లు కట్టుకోవడం, ఇంకోదాంట్లో దర్గా మహిమ, మూడోదాంట్లో 1866లో బ్లాక్‌మూర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ వెంకన్న గుడి కట్టించడం. ఎవరి కొండ వాళ్ళది, ఎవరి చెవి వాళ్ళది.

చాలా ఏళ్ళ కింద, కాలేజీ రోజుల్లో, మమ్మల్ని ఆ కొండలు ఎక్కించింది మా స్నేహితురాలి నాన్నగారు. ఆయన పోర్టులో కళాసీగా చేసేవారు. చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి దర్గా గురించి చెప్పారు. “పూర్వం ఓడలు లోపలికొస్తూ జెండా దించి బాబాకి సలాం చేసీవట.” దర్గా దగ్గర నిలబడి వెంకన్న గుడి చూపించారు, దొర కట్టించిన గుడి అని. ఆయన ఏ మతం మనిషో ఆ పూటంతా మాకు తెలియలేదు, అడగాలని కూడా తోచలేదు. మూడు కొండలూ ఆయన పని చేసే చోటు నుంచి కనిపిస్తాయి, అంతే. ఒక్క నోట మూడూ విన్నాను కాబట్టి, నాకు ఇవాళ్టికీ అవి ఒకటే చోటు. విడివిడిగా చెవిలో విని ఉంటే మూడు చోట్లు అయ్యేవి.

ఇలాంటివాళ్ళకి ఇంత పని, ఇంత ఆదాయం ఉండాలని కూడా నా కోరిక. గైడు రేటు గుమ్మం దగ్గర రాసి పెడితే, హుండీ ముందు బెదిరింపులకి సగం అవసరం పోతుంది. శాసనాలు చదవడం వచ్చినవాళ్ళు వాళ్ళకి నాలుగు రోజులు నేర్పితే ‘అమెరికా శాస్త్రవేత్తలు’ కూడా తగ్గుతారు. సింహాచలంలో కుళోత్తుంగ చోళుడి నాటి నుంచి, అంటే 11వ శతాబ్దం చివర్నుంచి శాసనాలున్నాయి. అంత నిజం కళ్ళెదురుగా ఉండగా కట్టుకథల అవసరమేముంది? కథలు చెప్పండి, తప్పకుండా చెప్పండి, నాకు తుమ్మెదల కథ ప్రాణం. ‘ట’ చేర్చి చెప్పండి.

అన్నయ్యతో నిన్న ఫోన్లో మళ్ళీ ఈ మాట వచ్చింది. వేసవి సెలవల్లో శ్రీముఖలింగం, అరసవల్లి, శ్రీకూర్మం ఒక్కసారే చూద్దామనుకుంటున్నాం. ముఖలింగంలో ఒక రిటైరైన మాస్టారు ఉన్నారని తెలిసి ఆయనకి ఫోన్ చేశాను. మొత్తం అయిదుగురం అమ్మా అంటే, “మంచిది, అంతకంటే ఎక్కువైతే నేను చెప్పలేను” అన్నారు. మా అమ్మ నెమ్మదిగా నడుస్తుందని చెప్పాను. ముందు గుడి బయట కూర్చుని చెప్పుకుందాం, తర్వాత ఆవిడ అడుగు ఎంతైతే అంతే మనదీ అన్నారు. మావాడు నానమ్మ కోసం మాస్టారి మాటలు ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా అని అడగమన్నాడు. అడిగాను. “చేసుకోమను. తప్పు చెప్తే మళ్ళీ ఫోన్ చేసి అడగమను, నంబరు ఉంది కదా” అన్నారు.